మా మూడు పెళ్ళిళ్ళలో ఒకటి

ఫిబ్రవరి 9, 2004

న్యూజిలాండ్ దరఖాస్తు నింపడం ఈ రోజు మొదలుపెట్టాం. పెళ్ళి తేదీ దగ్గర ఆగిపోయాం.

పేర్లు, పుట్టిన ఊళ్ళు, నా నర్సు చదువు, ప్రొద్దుటూరు నర్సింగ్ హోమ్‌లో నా ఉద్యోగం, అన్నీ చకచకా అయిపోయాయి. "పెండ్లి తేదీ చెప్పమ్మా" అన్నాడు వెంకటరమణయ్య శెట్టి. నేనూ మా ఆయనా ఒకేసారి నోరు తెరిచి చెరొక తేదీ చెప్పాం. ఒకరినొకరు చూసుకున్నాం. తర్వాత మా ఆయన మూడో తేదీ ఒకటి చెప్పాడు. శెట్టి పెన్నుకు మూత పెట్టేశాడు.

"నేను ఈ అప్లికేషన్ల పని ఎన్నో ఏండ్ల నుంచి చేస్తాండా. తేదీ తెలీనోళ్ళను చూసినా. ఇన్ని తేదీలున్నోళ్ళను ఇప్పుడే చూస్తాండా" అన్నాడు.

శెట్టిది మేముండే ప్రొద్దుటూరులోనే బట్టల కొట్టు. ముందు గదిలో చీరలు అమ్ముతాడు, వెనక గదిలో దేశాలు అమ్ముతాడని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. ఈ రోజు మాత్రం ఎగతాళి చేయలేదు.

అక్కడి ఆస్పత్రిలో నాకు ఉద్యోగం ఖాయమైంది. భర్తగా ఓబులయ్య, కూతురుగా మల్లి నా వెంట రావాలంటే మా పెళ్ళి వాళ్ళకు నమ్మేలా కనబడాలి. కనబడకపోతే నేనొక్కదాన్నే వెళ్ళాలి. ఒక్కదాన్నే అయితే నేను వెళ్ళను. ఈ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు.

తేదీ సంగతి అంటారా, నాకు ఏదైనా ఒకటే.

ఫిబ్రవరి 11

శెట్టికి చెప్పిందంతా ఇక్కడ కూడా రాసిపెట్టుకుంటాను. లేకపోతే రేపు తడబడి నాలుగో తేదీ చెప్పినా చెబుతాను.

మొదటిది 1996 మే 12. జమ్మలమడుగు దగ్గర పెన్నకు ఈ ఒడ్డున మా ఊరు, ఆ ఒడ్డున ఓబులయ్య వాళ్ళ ఊరు. మా ఊరు నారపరాజు వర్గం, వాళ్ళ ఊరు చౌడప్ప వర్గం. మాకు పెళ్ళి కుదిరినప్పుడు ఇద్దరూ రాజీలో ఉన్నారు. సరిగ్గా పెళ్ళికి ముందురోజు రాజీ చెడింది. ఏటి దారిలో బాంబులు పడ్డాయి, ఒక మనిషి పోయాడు. ఇక మీసం వచ్చిన ప్రతివాడి పేరూ కేసులో ఎక్కిస్తారని వాళ్ళ ఊరి పెద్దలు మగపిల్లలందరినీ లారీ ఎక్కించి పులివెందుల పంపేశారు. అందులో మా పెళ్ళికొడుకు కూడా ఉన్నాడు. నలుగు పెట్టిన ఒంటితో పోయి అరటికాయల మండీలో దాక్కున్నాడు.

తెల్లారేసరికి మా పందిట్లో అందరూ ఉన్నారు, పెళ్ళికొడుకు తప్ప. వచ్చిన ముహూర్తం పోనివ్వడం ఎందుకని మా మేనత్త కొడుకు మునెయ్యను పీటల మీద కూర్చోబెట్టే మాట నడుస్తోంది. ఆయన అప్పటికే తల దువ్వుకుంటున్నాడు.

అంతలో కమాల్ బాషా జీపు వచ్చింది. అన్ని ఊళ్ళకూ జీపు తోలే మనిషి కాబట్టి ఆయన్ను ఏ వర్గమూ ఆపదు. జీపులోంచి మా ఆడబిడ్డ సుంకులమ్మ దిగింది. గొడవల్లో ఆడవాళ్ళ మీద చెయ్యి వేయరన్న ధైర్యంతో వచ్చింది. చంకలో తమ్ముడి నల్ల కంబళి ఉంది. మా గొర్రెలోళ్ళలో వెనకటికి మంద తోలుకొని అడవికి పోయిన పెళ్ళికొడుకు ముహూర్తానికి అందుకోలేకపోతే, అతని కంబళి పీట మీద పెట్టి ఆడబిడ్డ చేత తాళి కట్టించేవాళ్ళట. ఆ సంగతి వాళ్ళింటి అవ్వ ఒకామెకు సమయానికి గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆమెకు ఇంకేదీ సమయానికి గుర్తు రాలేదు.

"ఏం పాపా, నీకు ఇష్టమేనా?" అని మా నాయన అడిగాడు. నేను లేచి పోయి కంబళి పక్కన కూర్చున్నాను. సుంకులమ్మ మూడు ముళ్ళూ వేసింది.

రెండోది అదే సంవత్సరం జూన్ 2. ఈయన పులివెందుల నుంచి వచ్చి నన్ను తీసుకుపోవాలి. మా ఊరికి ఆయన రాలేడు, ఆయన ఊరికి నేను ఇంకా పోలేదు. అందుకని ప్రొద్దుటూరులో కమాల్ బాషా ఇంట్లో కలుసుకున్నాం. "అక్క కట్టేదేంది, కట్టాల్సింది నేను గదా" అని పట్టుబట్టి ఒక పసుపుతాడు కట్టాడు. బాషా భార్య ఖాతూన్‌బీ సేమ్యాల పాయసం చేసింది. దీన్ని ఆయన పెళ్ళి అంటాడు. నేను పాయసం అంటాను.

మూడోది 1998 ఫిబ్రవరి 8. ఎన్నికల ముందు చౌడప్ప జమ్మలమడుగులో సామూహిక వివాహాలు పెట్టాడు. నూట ఒక్క జంట అని గోడలన్నిటి మీదా రాయించాడు. అన్ని జంటలు దొరకలేదు. దాంతో పెళ్ళయిన వాళ్ళనే మళ్ళీ కూర్చోబెట్టారు. నాకు అప్పుడు ఏడో నెల. కడుపు కనబడకుండా మెడ నుంచి మోకాళ్ళ దాకా బంతిపూల దండ వేశారు. అయ్యవారు మంత్రాలు చదువుతున్నంతసేపూ లోపల మల్లి తంతూనే ఉంది. మా పక్కన కూర్చున్న పెళ్ళికూతురు మధ్యమధ్యలో లేచి పిల్లవాడికి పాలిచ్చి వచ్చింది. వారం తర్వాత చౌడప్ప మనుషులు ఇంటింటికీ సర్టిఫికెట్లు తెచ్చి పంచారు. పెళ్ళయిందని మా దగ్గరున్న ముద్రల కాగితం అదొక్కటే.

ఆ తేదీ వేస్తే మల్లి రెండు నెలలకే పుట్టినట్టు లెక్క. "అది వాళ్ళు పట్టించుకోరులే, వాళ్ళ దేశంలో మామూలే" అన్నాడు శెట్టి. కానీ కువైట్ పోదామనుకొని 97లోనే నేను పాస్‌పోర్టు తీసుకున్నాను. అందులో భర్త పేరు ఓబులయ్య అని ఉంది.

"అంటే పెండ్లికి ముందే మొగుడున్నాడన్నమాట" అన్నాడు శెట్టి.

"పెండ్లప్పుడే లేకపాయె" అన్నాను నేను.

శెట్టి కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. మా ఆయన నవ్వలేదు.

ఫిబ్రవరి 14

మా ఆయన తేల్చేశాడు. సర్టిఫికెట్ తేదీయే వేద్దామట. ముద్ర ఉన్నదే పెళ్ళట. "సరే, నాకేం?" అన్నాను.

ఈ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 23

పాత ఫోటోలు శెట్టికి తీసుకుపోయి చూపించాను. ఊరికే, ఆయన అడిగాడు కాబట్టి.

సామూహిక వివాహం ఫోటోలో బంతిపూల కుప్ప వెనక నా తల కనబడుతోంది. పక్కన ఓబులయ్య చొక్కాకు నంబరు చీటీ పిన్నుతో గుచ్చి ఉంది. కోళ్ళ పందేనికి తెచ్చిన పుంజులా ఉన్నాడు. తర్వాత 96 నాటి ఫోటో ఇచ్చాను. శెట్టి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇందులో పెండ్లికొడుకు యాడమ్మా?"

"అదో, ఆ పీట మీద మడిచిపెట్టుండాదే."

"ఈ కంబడా?"

"అదే. బాసికం కూడా కట్టినాం చూడు."

శెట్టి చాలాసేపు చూశాడు. "ఈ ఫోటోలో నువ్వు శానా ధైర్యంగా ఉండావమ్మా" అన్నాడు. నాకెందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొత్త చీరల గంజి వాసన నాకు పడదు.

ఫిబ్రవరి 24

శెట్టి మాట ఇది. సర్టిఫికెట్ తేదీ వేస్తే పాస్‌పోర్టుతో చిక్కు, ఏదో దాస్తున్నారని అనుమానిస్తారు. మొదటి తేదీ వేస్తే కాగితం లేదు గానీ, కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరు, పెళ్ళికూతురు వైపు ఒకరు పెళ్ళికొడుకు వైపు ఒకరు, ప్రమాణపత్రం మీద సంతకం పెడితే చాలు. జరిగింది జరిగినట్టు ఒక లేఖలో రాసి జత చేయొచ్చు.

"నిజం రాయడమే సులువమ్మా, గుర్తు పెట్టుకోబల్లేదు" అన్నాడు. బట్టల వ్యాపారి నోట ఆ మాట విని నేను ఆశ్చర్యపోయాను.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "ఆ కంబడి పెండ్లి తెల్లోళ్ళకు చెప్తే నవ్వుతారు" అని గొర్రెలకు మేత వేసే పని ఉందని లేచిపోయాడు. గొర్రెలను ఆయన నిన్ననే సంతలో అమ్మేశాడు.

మార్చి 8

ఆయనతో మాట్లాడటం లేదు. కోపం ఏమీ కాదు. మాట్లాడటానికి ఏమీ లేక.

మార్చి 10

ఇంకా ఏమీ లేదు.

మార్చి 17

చౌడప్ప బీపీ చూపించుకోవడానికి మా నర్సింగ్ హోమ్‌కు వచ్చాడు. చేతికి పట్టీ చుట్టాక మాట్లాడొద్దంటే వినడు.

"ఏం పాపా, దేశం దాటుతాండారంట. నా పెండ్లి తేదీ కాదని ముందరి తేదీ ఏదో రాస్తాండారంటనే?"

"ఇంకా ఏమీ అనుకోలేదన్నా. మాట్లాడగాకు, పాదరసం ఎక్కుతాంది."

"ఎక్కనీలే. రేపు నెల ఓట్లు. నేను చేసిన పెండ్లిండ్లు పాతవేనని యాడన్నా కాయితం పుట్టిందనుకో, అవతలోళ్ళు మైకు కట్టి ఊరూరా చదువుతారు. నా నూట ఒక్క జంట ఏం కావాల?"

నూట ఒక్క జంటా ఇప్పటికి బడి ఈడు పిల్లల్ని పెట్టుకొని ఉన్నారని నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను. బీపీ ఎక్కువే ఉంది. ఉప్పు తగ్గించమన్నాను.

ఆయన మాట కాదని వాళ్ళ ఊళ్ళో ఎవరూ సంతకం పెట్టరు. సుంకులమ్మ కాపురం ఆ ఊళ్ళోనే. ఆమెను ఇరకాటంలో పెట్టలేను. ఇక సర్టిఫికెట్ తేదీయే గతి. పోనీలే, నాకేం?

బస్టాండు దగ్గర కొత్త బొమ్మ కట్టారు. చౌడప్ప, నారపరాజు ఒకే పార్టీలో చేరారు కదా, ఇద్దరూ చేతులు కలిపి పైకెత్తి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. దాని కింద నిలబడి బస్సు కోసం చూశాను. ఎనిమిదేళ్ళ కింద వీళ్ళిద్దరూ ఇలా నవ్వి ఉంటే ఆ రోజు నా పక్కన కంబళి కాకుండా మనిషే కూర్చునేవాడు. ఒళ్ళు మండింది. బస్సు వచ్చినా ఎక్కలేదు, ఇంటికి నడిచే వచ్చాను.

మార్చి 18

నిజం రాసుకుంటాను. ఎవరు చదవబోతారు?

నాకు ఏ తేదీ అయినా ఒకటి కాదు. మే 12 తప్ప ఇంకేదీ నా పెళ్ళి కాదు. ఆ పందిట్లో ఒకరు అయ్యో అన్నారు, ఒకరు మూతి తిప్పారు, మునెయ్య తల దువ్వుకున్నాడు. అంతమంది మధ్య లేచి నా కాళ్ళతో నేను నడిచివెళ్ళి కూర్చున్నాను. నా జన్మలో నేను సొంతంగా చేసిన మొదటి పని అది. దాన్ని కొట్టేసి, చీటీ గుచ్చిన రోజును పెళ్ళి అని రాయమంటే నా చెయ్యి రావడం లేదు.

మా ఆయనకు ఆ రోజు పేరెత్తితేనే పడదు. రాకుండా తప్పించుకున్నాడని నేనెప్పుడూ అనలేదు. అయినా ఆయన ఎప్పుడూ ఆ మాట విన్నట్టే ఉంటాడు.

ఏప్రిల్ 4

మా ఆయన అన్నం తింటూ తింటూ, తల ఎత్తకుండా, "మొదటి తేదీయే రాయించు" అన్నాడు.

"ఏంది?"

"మే పన్నెండు. శెట్టితో చెప్పినా."

నేను మజ్జిగ పోస్తూనే ఉన్నాను, పళ్ళెం నిండి పొర్లింది. ఎందుకని అడిగితే "పాస్‌పోర్టు చిక్కంట గదా" అన్నాడు. శెట్టి భయపెట్టి ఉంటాడు. ఏదైతేనేం, నా పని అయింది. నాకు చౌడప్ప సంగతి గుర్తొచ్చింది గానీ, ఆ క్షణంలో ఎత్తబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 7

సుంకులమ్మ వదిన వచ్చింది. వచ్చీ రాగానే, "మే నాగీ, నీ మొగుడు ఏం చేసినాడో తెల్సునా?" అంది.

మా ఆయన వారం కిందటే ఊరికి పోయి చౌడప్పను కలిశాడట. అరుగు మీద పదిమంది కార్యకర్తలు కూర్చొని ఉన్నారట. వాళ్ళందరి ముందరే చెప్పాడట: "అన్నా, మా ఓటు నీదే. మా పెండ్లి మాత్రం మాది."

"చౌడప్పన్న ఏమన్నాడు వదినా?"

"ఏమంటాడు? నోట్లో వక్కాకు ఉండె. నమల్తా ఉన్నాడు. నేను కూడా వాకిట్లో నిలబడి చెప్పినా. ముడులేసింది ఈ చేతుల్తో, కాదని యా నాయాలు చెప్తాడో చెప్పమనండి అని."

మా ఆయన చౌడప్ప ఎదుట చిన్నప్పటి నుంచి చేతులు కట్టుకొని నిలబడ్డవాడు. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. శెట్టి భయపెడితేనే ఇంత పని చేశాడా? అడిగితే చెప్పడని అడగలేదు. సాయంత్రం ఆయనకిష్టమని ఉగ్గాని చేశాను, మిరపకాయ బజ్జీలు కూడా వేశాను. "ఏంది ఈ పొద్దు విశేషం?" అంటే మల్లి అడిగిందని చెప్పాను. మల్లికి కారం పడదు.

ఏప్రిల్ 28

ఓట్లు అయిపోయాయి. చౌడప్ప కబురు పంపాడు. "పెట్టెల్లో ఓట్లు పడిపాయె. ఇంగ ఏ తేదీ రాసుకుంటే నాకేంది, పిల్లను బాగా చదివించుకోమను" అన్నాడట. బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా అని తిరుగు కబురు పంపాను.

మే 3

సంతకాలు పూర్తి. పెళ్ళికొడుకు వైపు సుంకులమ్మ వేలిముద్ర వేసింది. పెళ్ళికూతురు వైపు ఎవరు అనుకుంటుండగా మునెయ్య తనే ముందుకొచ్చాడు. "నాకంటే దగ్గర్నుంచి చూసినోడు ఎవుడుండాడు?" అన్నాడు. ఈ రోజు కూడా తల నున్నగా దువ్వుకొని వచ్చాడు. నారపరాజు ఊరివాడూ చౌడప్ప ఊరిదీ ఒకే బల్ల దగ్గర కూర్చొని ఒకే సీసాలో సోడా తాగారు. కమాల్ బాషా జీపు దిగి, తన సంతకం అడగలేదని అలిగాడు. ఆయన కోసం శెట్టి ఇంకో కాగితం టైపు చేయించాడు. దాని అవసరం లేదని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

జరిగిందంతా శెట్టి ఇంగ్లీషులో లేఖ రాశాడు. పాయసం కూడా రాయించాను. నూట ఒక్క జంట సంగతి రెండు వరుసల్లో తేల్చేశాడు. అన్నీ కలిపి పంపేశాం.

జూన్ 15

జవాబు లేదు.

జూన్ 29

లేదు. మల్లి అట్లాసులో న్యూజిలాండ్ మీద వేలు పెట్టి పెట్టి అక్కడ కాగితం నల్లబడింది.

ఇంట్లో చెప్పేశాను. నేనొక్కదాన్నే పోవాల్సి వస్తే పోను అని. "పిచ్చిదానా, ఉద్యోగం ఎవురన్నా ఇడ్సుకుంటారా" అని ఆయన కసిరాడు. కసిరినవాడు ఆ రోజంతా ఈల వేస్తూ తిరిగాడు.

జులై 14

రేపు ఢిల్లీ నుంచి వీసా ఆఫీసు వాళ్ళు శెట్టి కొట్టుకు ఫోను చేస్తారట. ఇద్దరినీ విడివిడిగా అడుగుతారట, మధ్యలో తెలుగు తెలిసినామె ఉంటుందట. "ఏం చెప్తావు?" అని ఆయన్ను అడిగాను. "జరిగింది చెప్తా" అన్నాడు. నాకు భయంగా ఉంది. ఈయనకు మాటలు సరిగ్గా రావు.

ఆగస్టు 6

పాస్‌పోర్టులు పంపమని కబురు వచ్చింది. ముగ్గురివీ.

శెట్టి కొట్లోనే ఎగిరాను. మల్లి పక్కింటి వాకిట్లో, ఎదురింటి వాకిట్లో, చివరికి పాలవాడికి కూడా చెప్పింది. మా ఆయన వాళ్ళక్కకు చెప్పి వస్తానని బస్సెక్కాడు. నేను ఇప్పుడు ఒక్కదాన్నే కూర్చుని రాస్తున్నాను. ఫోను వచ్చిన రోజు విన్నది ఇన్నాళ్ళూ రాయలేదు. రాస్తే ఎక్కడ చెడుతుందోనని భయపడ్డాను. ఇక చెడేదేమీ లేదు.

ఆ రోజు ముందు నన్ను అడిగారు. నర్సుని కదా, అడిగినదానికి అడిగినంత చెప్పి బయటపడ్డాను. తర్వాత ఆయన వంతు. నన్ను ముందు గదిలో కూర్చోమన్నారు. మధ్యలో తలుపు లేదు, పరదా ఒక్కటే. చీరల మధ్య కూర్చుంటే స్పీకరు ఫోనులో ప్రతి మాటా వినబడుతోంది. చెవులు మూసుకోవాలని అనుకున్నాను గానీ మూసుకోలేదు.

తెలుగామెది కోస్తా మాట, మెత్తగా ఉంది. "మీ వివాహం ఎప్పుడు జరిగిందండీ?" అంది.

"ఆమెకు మే పన్నెండున జరిగింది. నాకు జూన్ రెండున జరిగింది" అన్నాడు ఈయన.

అయిపోయింది, అంతా చెడగొట్టాడు అనుకున్నాను. అటువైపు ఇంగ్లీషులో కాసేపు మాటలు నడిచాయి. మళ్ళీ ఆమె అడిగింది.

"లేఖ చదివారటండీ. మే పన్నెండున మీరు ఎక్కడున్నారు?"

"పులివెందల్లో ఉంటి. అరటికాయల మండీలో."

"అంటే పెళ్ళిలో మీరు లేరు కదండీ. మీరు స్వయంగా తాళి కట్టింది జూన్ రెండున. ముద్రలున్న సర్టిఫికెట్లో ఉన్నది మరో తేదీ. ఆ రెండూ కాదని, మీరు అసలు లేనే లేని రోజును మీ పెళ్ళి తేదీ అని ఎందుకు రాశారో చెప్పమంటున్నారండీ."

లోపల ఈయన కుర్చీ కిర్రుమంది. నేను పరదా వైపే చూస్తూ చేతికందిన చీర కొంగు గట్టిగా పట్టుకున్నాను.

"ఆ పొద్దు ఆమె ఒక్కతే కూచునింది మేడం" అన్నాడు. "అంతమంది చూస్తాండంగా, వట్టి కంబడి పక్కన. నేను యాడనో గెలల చాటున దాంకోనుంటి. ఇంగ ఆ పొద్దు తిరిగి రాదు గదా. కాయితంలోనన్నా పోయి ఆమె పక్కన కూచుందామని రాపిచ్చినా."